హైటెక్ సిటీ నుంచి మందస రోడ్డు దాకా... రానూ పోనూ ఒక్కరోజు!

సినిమాలో హీరో మోటారు సైకిలెక్కితే ప్రయాణం ఎంతసేపండీ? ఒక్క పాట! పల్లవిలో ఊరు దాటతాడు, మొదటి చరణంలో కొండలెక్కుతాడు, రెండో చరణం పూర్తయ్యేసరికి సముద్రపొడ్డున వుంటాడు. క్రాపు చెదరదు, చొక్కా నలగదు. "షోలే" (1975)లో ధర్మేంద్ర, అమితాబ్ సైడుకారు బండి మీద పాడుకుంటూ పోతుంటే వాళ్ళు పెట్రోలు ఎక్కడ పోయించుకుంటారన్న సంగతి ఎవరికైనా గుర్తొచ్చిందా? "బాబీ" (1973) వచ్చాక రాజ్‌దూత్ వారి చిన్న బండికి ఏకంగా "బాబీ బండి" అనే పేరే పడిపోయింది. తెరమీద బండి అంటే కుర్రకారుకి అదీ మోజు!

అదే ప్రయాణాన్ని కత్తిరింపులు లేకుండా, ఎడిటరు చెయ్యి పడకుండా, ఇరవై నాలుగ్గంటలూ ఉన్నదున్నట్టు చూపిస్తే? హాల్లో ఒక్కడూ మిగలడనుకోండి. కానీ ఆ సినిమా నేను చూశాను. చూడడమేమిటి, అందులో వున్న ఏకైక నటుణ్ణి నేనే!

సంగతేమిటంటే, అమెరికాలో "ఐరన్ బట్ అసోసియేషన్" అని ఒక సంఘం వుంది. పేరుని తెలుగు చెయ్యమని మాత్రం అడక్కండి. మర్యాదగా "ఇనుప ఆసనం వారి సంఘం" అనుకుందాం. 1984లో పుట్టింది. మోటారు సైకిళ్ళ మీద దూరాలు పోయే పిచ్చివాళ్ళకి ఇది గురుకులం లాంటిది. వీళ్ళ పరీక్షల్లో ఒకటో తరగతి పేరు "శాడిల్ సోర్" - సీటుమీద కూర్చుని కూర్చుని ఒరుసుకుపోవడమని భావం. 24 గంటల్లో 1,000 మైళ్ళు, అంటే మన లెక్కలో సుమారు 1,610 కిలోమీటర్లు తిరగాలి. తిరిగినట్టు రుజువులు పంపించాలి. 36 గంటల్లో 1,500 మైళ్ళయితే పై తరగతి. ఇక పదకొండు రోజుల్లో దాదాపు 11,000 మైళ్ళు తిరిగే ర్యాలీ ఒకటుంది. అది పెద్ద చదువు, మనకొద్దు.

ఇందులో ఫస్టూ సెకండూ లేవు, బహుమతి లేదు. పైగా రుసుము మనమే కట్టాలి. దక్కేది ఒక సర్టిఫికెట్టు. దానికోసం ఇంత తిప్పలా అని మా అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. 1914లో బేకర్ అనే ఆసామీ అమెరికాలో ఈ సముద్రం దగ్గర్నుంచి ఆ సముద్రం దాకా, రోడ్లు సరిగా లేని రోజుల్లో, మోటారు సైకిలు మీద పదకొండున్నర రోజుల్లో పోయి న్యూయార్కులో దిగాడు. ఆయనెక్కిన బండి పేరు "ఇండియన్". మనవాళ్ళది కాదులెండి, అమెరికా కంపెనీ పెట్టుకున్న పేరు!

మరి మన హైదరాబాదులో ఈ జబ్బు ఎక్కడ ముదిరిందయ్యా అంటే, హైటెక్ సిటీలో. ఆదివారం తెల్లవారుజామున గచ్చిబౌలి వైపు వెళ్ళి చూడండి. మోకాళ్ళకి కవచాలు, చేతులకి తోలు తొడుగులు, నెత్తిన లోహశిరస్త్రాణాలు - ఏ పౌరాణిక చిత్రం షూటింగుకో పోతున్నట్టు బారులు తీరి వుంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా వీళ్ళే మెడలో బిళ్ళలు వేసుకుని అద్దాల మేడల్లో కూర్చునేది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మాదాపూరంటే బండరాళ్ళూ తుప్పలే. 2003లో సైబరాబాదు పేరుతో వేరే పోలీసు కమిషనరేటే వచ్చింది. 2018 డిసెంబరులో మహేష్‌బాబు భాగస్వామిగా ఎ.ఎం.బి. సినిమాస్ తెరిచారు. 2019లో మెట్రో రైలు రాయదుర్గం దాకా పాకింది, 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన వెలిగింది. ఆ వంతెన మీద ఫోటో దిగని జంట హైదరాబాదులో లేదేమో! కానీ నాకు యీ పేటలో అన్నిటికంటే వింతగా తోచేది వెలుతురు కాదు, వేళ. మిగతా ఊరు ముసుగు తన్ని పడుకునే తెల్లవారుజాము మూడు గంటలకి ఇక్కడ టీ బండ్ల దగ్గర జనం నిలబడి సమోసాలు తింటుంటారు. అమెరికా వాళ్ళ పగలు వీళ్ళకి రాత్రి షిఫ్టు. కంపెనీ క్యాబులు అటో ఇటో పరిగెడుతూనే వుంటాయి. నాలుగంటే కొందరికి తెల్లవారడం, ఇంకొందరికి సాయంత్రం.

ఈ పేటలో కూర్చోవడమే ఉద్యోగం. అందుకే మా ఆఫీసులో ఒకడు ధీమాగా అన్నాడు: "పదేసి గంటలు కుర్చీలో కూర్చుంటాం, నెలల తరబడి రాత్రి షిఫ్టు చేశాం. ఇరవై నాలుగ్గంటలు సీటుమీద కూర్చోవడం మనకొక లెక్కా గురూ!" ఆ మాట అన్న కొన్నాళ్ళకే పక్క విభాగంలో ఓ కుర్రాడు ఇదే పరీక్షకని వేరే దారిలో బయల్దేరి, తెల్లవారుజామున మూడింటికి బండిమీదే నిద్రపోయాడు. రోడ్డు మధ్య డివైడరులో పెంచిన గన్నేరు పొదలు పట్టుకున్నాయి కాబట్టి మెడ ఎముక ఒకటే విరిగింది. లారీ వచ్చే వైపు పడివుంటే యీ వాక్యం ఇంకోలా రాయాల్సి వచ్చేది. నేను బయల్దేరేముందు ఆ కుర్రాణ్ణి వెళ్ళి చూశాను. "నిద్ర వస్తున్నట్టు తెలియలేదా?" అనడిగాను. "తెలిసింది అన్నా. ఇంకొంచెమే కదా అనుకున్నా" అన్నాడు. ఈ ఒక్క వాక్యం జేబులో పెట్టుకుని బయల్దేరాను.

దారి ఎంచుకోవడంలోనే సగం పరీక్ష. దేశం చుట్టూ తిరగక్కర్లేదు. మన తెలుగు నేల మీదే ఆ చివరి దాకా పోయి వస్తే సరిపోతుందని లెక్క తేలింది. విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్ణుంచి రాజమండ్రి, అన్నవరం, శ్రీకాకుళం మీదుగా పలాస-కాశీబుగ్గ దాటి మందస రోడ్డు మలుపు వరకు 16వ నంబరు రహదారి. మళ్ళీ అదే దారిన వెనక్కి. రానూ పోనూ 1,640 కిలోమీటర్ల చిల్లర. ఆ ముప్ఫై కిలోమీటర్లు ఎక్కువెందుకంటే, బండి మీటరు ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. సంఘం వాళ్ళు మన మీటరుని కాక మ్యాపుని నమ్ముతారు.

విజయవాడ రోడ్డు పట్టుకోవాలంటే ఔటర్ రింగు రోడ్డు మీద చుట్టి పోవచ్చు కదా అంటారేమో. ఆ 158 కిలోమీటర్ల రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. అంచేత ఊరంతా నిలువునా చీల్చుకుని ఎల్.బి. నగర్ చేరాల్సిందే. జాతీయ రహదారుల్లో మోటారు సైకిళ్ళకి టోలు లేదు - సంతోషమే, కానీ టోలు రసీదూ లేదు! కాబట్టి ఫలానా వేళకి ఫలానా చోట వున్నామని చెప్పేందుకు పెట్రోలు బంకు రసీదే దిక్కు. దానిమీద ఊరు, తేదీ, గంట, నిమిషం స్పష్టంగా పడాలి. లంక నుంచి వచ్చిన ఆంజనేయుడికి చూడామణి ఎలాగో నాకు ఆ ఏడు రసీదులూ అలాగ.

ఇక వేగం. నాలుగు వరుసల రహదారి మీద మోటారు సైకిలుకి చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. నాది 350 సి.సి. ఒంటి సిలిండరు బండి. దానికీ ఆ వేగమే సుఖం. అందరూ అడిగేది "ఎంత తొక్కావ్?" అని. తొక్కుడులో ఏమీ లేదండీ. చిన్న లెక్క చెబుతాను. మీరొకచోట టీకని ఆగి కబుర్లలో పది నిమిషాలు పోగొట్టారనుకోండి. ఆ పది నిమిషాలను ఎనభై బదులు తొంభైలో పోయి రాబట్టుకోవాలంటే 120 కిలోమీటర్లు అలా తోలాలి! ఒక టీ ఖరీదు నూటిరవై కిలోమీటర్ల ప్రమాదం. కనుక బండి మీద తొందర వద్దు, దిగినప్పుడు తొందరపడాలి. పెట్రోలు పోస్తుండగానే నీళ్ళు తాగడం, రసీదు చదవడం, అరటిపండు తినడం అన్నీ అయిపోవాలి.

కార్తీకమాసంలో ఒక శనివారం. బయల్దేరే చోటా, చేరే చోటా సాక్షి సంతకం కావాలి. మాదాపూరులో బంకు పక్కనున్న ఆఫీసు మేడకి కాపలా కాసే పెద్దాయన్ని అడిగాను. కాగితం చేతిలోకి తీసుకుని, "ఎందాకా బాబూ?" అన్నాడు.

"పలాస దాటి మందస రోడ్డు దాకా, బాబాయ్."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మందసా? మాదా పక్కూరే బాబూ! ఏటి పని?"

"పనేం లేదు. వెళ్ళి రావడమే."

"రేత్రికుండరా?"

"ఉండను."

"ఎవులింటికీ ఎల్లరా?"

"లేదు బాబాయ్. రేపు యీపాటికి మళ్ళీ ఇక్కడుండాలి."

ఆయన కాసేపు ఆలోచించాడు. "నానెల్లి మూడేళ్ళయింది" అన్నాడు. ఆయనకి ఉద్దానంలో కొబ్బరి చెట్లుండేవట. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిందే, ఆ పూట కొబ్బరీ జీడీ తోటలకి తోటలే నేలకూలాయి కదా, అందులో ఆయనవి రెండు చెట్లు మిగిలాయి. మొక్క నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. ఈలోగా కడుపు ఆగదు కాబట్టి హైదరాబాదు. ఈ మేడల కాపలాదార్లలో, ఈ మేడలు కట్టిన కూలీల్లో శ్రీకాకుళం వాళ్ళు ఎంతమందో!

ఆయన ఒక్కొక్క అక్షరం కూర్చుకుంటూ సంతకం పెట్టాడు. బంకు రసీదు మీద 4 గంటల 5 నిమిషాలు. గడియారం మొదలు!

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి పంజాగుట్ట వైపు దిగుతుంటే కృష్ణానగర్ పక్కన అప్పటికే మనుషులున్నారు. జూనియర్ ఆర్టిస్టులు. సంచుల్లో బట్టలు సర్దుకుని ప్రొడక్షను వ్యాను కోసం నిలబడ్డారు. 1976లో నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోస్ తెరిచింది యీ పక్కనే. గుంపులో ఒకరిగా తెరమీద మూడు సెకన్లు కనిపించడానికి మూడింటికే లేచే వాళ్ళని చూశాక నా ఇరవై నాలుగ్గంటల గొప్ప కాస్త తగ్గింది. హయత్‌నగర్ దాటాక చీకట్లోనే రామోజీ ఫిల్మ్ సిటీ బోర్డు. 1996లో మొదలైన ఆ లోకంలో రైల్వే స్టేషను సెట్టు నుంచి రాజుగారి కోట సెట్టుకి నడిచి పోవచ్చు. నాకు మాత్రం ఆ రోజు సెట్టింగులు కుదరవు. ఊళ్ళన్నీ ఒరిజినల్!

చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్. తెల్లవారుతోంది. సూర్యాపేట దగ్గర సూర్యుడు సరిగ్గా కళ్ళల్లోకి లేచాడు. ఇక్కడే మా అక్క వుండేది, హైవేకి రెండు ఫర్లాంగుల దూరంలో. ముందురోజే ఫోనులో దులిపేసింది: "ఇంటి ముంగటికెల్లి పోతూ చాయ్ తాగకుండ పోతవారా? గట్ల పోతే పోనీ, వచ్చేటప్పుడన్న ఆగు." టోపీ తీసినంత పని చేసి దాటిపోయాను.

విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కితే కుడిపక్క కృష్ణ, ఎడమపక్క కొండమీద అమ్మవారు. ఈ వంతెన 2020లో తెరవకముందు ఇక్కడ అరగంట ఇరుక్కోవడం మామూలు. నాకు పట్టింది రెండు నిమిషాలు. దండం హారనుతోనే పెట్టుకున్నాను.

గన్నవరం, హనుమాన్ జంక్షన్, తాడేపల్లిగూడెం, తణుకు. నొప్పి మొదలయ్యేది యీ మూడొందలు - ఆరొందల కిలోమీటర్ల నడుమే. ముందు సీటు, తర్వాత కుడి మణికట్టు, తర్వాత భుజాల మధ్య ఒక రూపాయి బిళ్ళంత చోటు. ఆఫీసు కుర్చీలో మనం గంటకి ఎన్నిసార్లు కదులుతామో, ఎన్నిసార్లు కాఫీకి లేస్తామో ఆ రోజు తెలిసింది. కుర్చీ మనల్ని మోస్తుంది. బండిని మనం మొయ్యాలి. గాలి హోరు సంగతైతే చెప్పక్కర్లేదు; చెవుల్లో దూదిలాంటి బిరడాలు పెట్టుకోకపోతే సాయంత్రానికి బుర్ర మొద్దుబారుతుంది.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి, రావులపాలెం దాటగానే గౌతమీ గోదావరి. నిజం చెప్పొద్దూ, గౌతమి వంతెన మీద ఎనభై నుంచి యాభైకి తగ్గించాను. ఆదుర్తి సుబ్బారావుగారు "మూగమనసులు" (1964) తీసిన నది అది. నీటి వాసన హెల్మెట్టులోకి వచ్చింది. ఆ వంతెన మీద పోయిన సమయాన్ని మాత్రం లెక్కలో వెయ్యలేదు!

కార్తీకం కావడంతో అన్నవరం ముందు కార్లు బారులు. సత్యదేవుని కొండకు వెళ్ళే కొత్త దంపతులు, చంటిపిల్లలు, బస్సులు. అక్కడ పోయిన పన్నెండు నిమిషాలను ఎక్కడా రాబట్టడానికి చూడలేదు. తునిలో పెట్రోలు, రెండు అరటిపళ్ళు. అనకాపల్లి దగ్గర విశాఖ ఊళ్ళోకి పోకుండా సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం తేలే ఆరు వరుసల రోడ్డు. బాలచందర్ గారు "మరో చరిత్ర" (1978) తీసిన సముద్రం కుడివైపు ఎక్కడో వుంది. ఎవరైనా "వైజాగు చూశావా?" అంటే చూడలేదనే చెప్పాలి. ఈ తరహా ప్రయాణానికి అదొక శాపం. ఊళ్ళ పేర్లు బోర్డుల మీద చదువుతాం, ఊళ్ళు మాత్రం చూడం.

శ్రీకాకుళంలో నాగావళి, ఆ పైన వంశధార, నరసన్నపేట, టెక్కలి. మందస రోడ్డు మలుపు దగ్గర బండి ఆపేసరికి మూడూ యాభై. స్టాండు వేసి దిగితే కాళ్ళు నావి కావు. ఎడమపక్క కొండలు, కుడిపక్క సముద్రం దాకా ఉద్దానం. పాత కొబ్బరి చెట్లు ఎడంగా ఎత్తుగా, వాటి నడుమ తుపాను తర్వాత వేసినవి మనిషికి రెండింతలున్నాయి. ఒక ముసలమ్మ మేకల్ని తోలుకుపోతూ నిలబడి, "ఎవులింటికి బాబూ?" అంది. ఉదయం నుంచీ ఆ ప్రశ్న నాతోనే వుంది. "ఎవరింటికీ కాదు అవ్వా" అంటే నా మొహం వంక జాలిగా చూసింది. ఎవరూ లేనివాణ్ణనుకుంది కాబోలు.

కాశీబుగ్గలో పెట్రోలు, రసీదు. పక్క కొట్లో అరకిలో జీడిపప్పు. తూచి, కట్టి ఇచ్చేసరికి నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాలంటే ఎంతో ఇందాక లెక్క చెప్పానుగా! అయినా కొన్నాను.

వెనక్కి తిరిగాక సూర్యుడు మళ్ళీ ఎదురే. పొద్దున తూర్పుకి పోతూ తిన్న వెలుతురుని సాయంత్రం నైరుతికి పోతూ రెండోసారి తిన్నాను. చీకటి పడ్డాక ఎదురు లారీల దీపాలు. రాజమండ్రిలో పెట్రోలు పోయించేసరికి తొమ్మిది దాటింది. విజయవాడ పదకొండున్నర. అక్కడిదాకా ఒంటి నొప్పులతో నాకు ఒక రకమైన రాజీ కుదిరింది. నొప్పి మంచిదండీ, మనిషిని మేలుకునే వుంచుతుంది. నందిగామ దాటాక ఆ నొప్పి పోయింది. ఒళ్ళంతా హాయిగా, వెచ్చగా అయిపోయింది. అదీ ప్రమాదం!

ముందు లారీ వెనక ఏదో రాసివుంది. చదివాను. అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. తెలుగే, అర్థం మాత్రం కావడం లేదు. డివైడరులో గన్నేరు పొద ఒకటి మనిషిలా లేచి నిలబడింది. వెంటనే ఆ కుర్రాడి మాట గుర్తొచ్చింది.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పాలి. ఎనభై వేగంలో బండి సెకనుకి ఇరవై రెండు మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకంటే దాదాపు తొంభై మీటర్లు కళ్ళు మూసుకుని పోయినట్టు. పదిహేడు గంటలు వరసగా మేలుకున్న మనిషి చురుకు, రక్తంలో 0.05 శాతం మద్యం వున్న మనిషి చురుకుతో సమానమని 1997లోనే పరిశోధకులు తేల్చారు. మన చట్టం 0.03 శాతం దాటితేనే నేరమంటుంది. అప్పటికి నేను మేలుకుని ఇరవై రెండు గంటలు! చుక్క తాగకుండానే తాగినవాణ్ణి. రాత్రి షిఫ్టు అలవాటుందిగా అంటారా? అలవాటున్నది దీపాల మధ్య, నలుగురి మధ్య, మంచులాంటి ఏసీలో కూర్చోవడం. అక్కడ నిద్రొస్తే తల బల్లకి తగులుతుంది, అంతే.

లోపల ఒక గొంతు ఎంతో ప్రేమగా చెబుతోంది: "సూర్యాపేట అరవై అయిదు కిలోమీటర్లేగా. అక్క ఇంట్లో పరుపు మీద పడుకో. ఆమెకీ మాటిచ్చినట్టుంటుంది." సినిమాల్లో విలన్లు గట్టిగా నవ్వుతారు. నిజం విలను ఇలా మన మంచి కోరే గొంతుతోనే మాట్లాడతాడు! గడియారం చూశాను. పన్నెండున్నర. ఇంకా 215 కిలోమీటర్లు. ఆగకుండా పోతే ముక్కాలు గంట మిగులుతుంది. ఆగితే ఎంత మిగులుతుందో తెలీదు, అసలు మెలకువే రాకపోతే సర్టిఫికెట్టు గోవిందా.

జగ్గయ్యపేట దగ్గర కనిపించిన మొదటి బంకులోకి బండి తిప్పాను. పెట్రోలు పోయించి, రసీదు జేబులో పెట్టి, ఒక టీ గడగడా తాగేసి గాలి మిషను పక్కనున్న సిమెంటు అరుగు మీద హెల్మెట్టు తలకింద పెట్టుకున్నాను. టీ ముందెందుకంటే, దాని పట్టు ఎక్కడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. అది ఎక్కేలోగా ఒక కునుకు తీస్తే రెండూ కలిసొస్తాయి. పక్క లారీ డ్రైవరు చక్రానికి చేరగిలబడి బీడీ కాలుస్తున్నాడు. "ఇరవై అయిదు నిమిషాల్లో లేపుతావా అన్నా?" అన్నాను. "పడుకో తమ్ముడూ. నిద్రొస్తే అత్తగారొచ్చినట్టే, మర్యాద చెయ్యాలి" అన్నాడు. ఆ మాటకి నవ్వడం పూర్తయిందో లేదో తెలీదు.

ఇరవై అయిదు నిమిషాలే. అయినా లేచేసరికి లోకం కడిగినట్టుంది. లారీల వెనక రాతలన్నీ అర్థమయ్యాయి. సూర్యాపేట దగ్గర అక్క ఇంటి వీధి దీపం కనిపించింది. ఆమెకి చాయ్ బాకీ వుండిపోయాను. మూడూ నలభై ఆరుకి మాదాపూరు బంకులో ఏడో రసీదు. 23 గంటల 41 నిమిషాలు. మిగిలింది పందొమ్మిది నిమిషాలు. ఆ కునుకుతో కలిపి రోజంతా ఆగినది రెండు గంటల లోపే.

సోమవారం ఆఫీసులో అందరూ అడిగారు, "ఎంత తొక్కావ్ గురూ?" అని. ఎనభై అంటే ఎవరికీ నచ్చలేదు. జగ్గయ్యపేట అరుగు గురించి చెప్పబోతే ఒక్కడే విన్నాడు, ఆ మెడ ఎముక విరిగిన కుర్రాడు. కాగితాలన్నీ సరిచూసి కొన్ని వారాలకు సంఘంవాళ్ళు సర్టిఫికెట్టు పంపారు. అక్కకి ఫోటో పంపిస్తే, "పేరు గిదేందిరా?" అని నవ్వింది.

ఆ తెల్లవారుజామున సాక్షి సంతకం పెట్టింది కూడా ఆ కాపలా బాబాయే. కాగితం పక్కన పెట్టి, "మా ఏపు కొబ్బరెలాగుంది?" అన్నాడు ముందుగా. చూసింది చూసినట్టు చెప్పాను. మనిషికి రెండింతలు అన్నప్పుడు చెయ్యి పైకెత్తి, "ఇంతా?" అని కొలిచి చూసుకున్నాడు. జీడిపప్పు పొట్లం ఇస్తే విప్పి, ఒకటి నోట్లో వేసుకుని, "అరకిలో ఎంతకిచ్చినాడు?" అన్నాడు. చెప్పాను.

"ఎక్కువ తీసేసుకున్నాడు బాబూ! ముందు నాకు సెప్పుంటే... మా బామ్మర్ది ఆ జీడి ఫ్యాక్టరీలోనే గదా పని సేస్తాడు." మరో రెండు పలుకులు తిని, బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "మల్లీ ఎల్తే ఎనక సీటు కాళీయేనా?"

ఖాళీయే అన్నాను. ఈసారి ఇరవై నాలుగ్గంటలు కాదు, పోవడానికే రెండు రోజులు, రాజమండ్రిలో రాత్రి మకాం, మీ ఊళ్ళో రెండు రోజులు మకాం అని ఖరారు చేశాం. కాంట్రాక్టరు దగ్గర సెలవు అడుగుతున్నాడు. ఇంకా ఇవ్వలేదు.